ఇంగ్లీష్ తప్పుల్ని తెలుగుతోనే దిద్దుకోవాలి

"ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్." ఈ వాక్యం మీరు వినే ఉంటారు, ఆఫీసులోనో ఇంటర్వ్యూలోనో ఎవరి మెయిల్లోనో ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. దీన్ని దిద్దడం ఎంతసేపు, "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్" అనాలమ్మా అని చెప్పేసి మన పని మనం చూసుకోవచ్చు, మన స్కూళ్లలో కోచింగ్ సెంటర్లలో ఎక్కువగా జరిగేదీ అదే. కానీ అలా దిద్దించుకున్న పిల్ల వచ్చే వారం మళ్లీ అదే రాస్తుంది. తెలివి లేక కాదు, శ్రద్ధ లేక కాదు. ఆ తప్పు ఎక్కడి నుంచి పుట్టిందో ఎవరూ చూపించలేదు కాబట్టి.

అది తెలుగు నుంచి పుట్టింది. "అయిదేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను" అంటాం. "పనిచేస్తున్నాను" కాస్తా "యామ్ వర్కింగ్" అయింది, "అయిదేళ్ల నుంచి" కాస్తా "సిన్స్ ఫైవ్ ఇయర్స్" అయింది. అంటే ఆ పిల్ల నోటికొచ్చింది రాయలేదు, తనకి బాగా వచ్చిన భాషలో వంక పెట్టడానికి లేని వాక్యం ఒకటి తయారుచేసుకుని దాన్ని జాగ్రత్తగా ఇంగ్లీష్‌లోకి మోసుకొచ్చింది. మనం ఎర్ర పెన్నుతో కొట్టేసింది ఆ పనినే.

నేను డిగ్రీ పిల్లలకి ఇంగ్లీష్ చెప్తాను. వాళ్లలో ఎక్కువమంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు, లేదా పేరుకి ఇంగ్లీష్ మీడియమే అయినా క్లాసులో సార్ తెలుగులో చెప్తే విని పరీక్షలో ఇంగ్లీష్‌లో బట్టీ రాసినవాళ్లు. ఇన్నేళ్లుగా వాళ్ల పేపర్లు దిద్దుతూ నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటి ఉంది, ఇంగ్లీష్ గ్రామర్ తప్పులు దిద్దుకోవడానికి తెలుగువాడికి దొరికే అన్నిటికన్నా మంచి పనిముట్టు తెలుగే. మనం దాన్ని క్లాసు బయట నిలబెట్టి, లోపల ఇంగ్లీష్‌ని ఇంగ్లీష్‌తోనే బాగుచేయాలని చూస్తున్నాం, అక్కడే పని చెడుతోంది.

పైన చెప్పిన సిన్స్, ఫర్ గొడవే తీసుకోండి. గ్రామర్ పుస్తకం ఏమంటుంది? "పాయింట్ ఆఫ్ టైమ్ అయితే సిన్స్, పీరియడ్ ఆఫ్ టైమ్ అయితే ఫర్." పిల్లలందరికీ ఈ రూలు నోటికొచ్చు, నిద్రలో లేపి అడిగినా చెప్తారు, అయినా రాసేటప్పుడు తప్పే రాస్తారు. ఇప్పుడు తెలుగులో చూడండి. "అయిదేళ్ల నుంచి" అంటాం, "అయిదేళ్లుగా" అని కూడా అంటాం, రెండూ బాగానే ఉన్నాయి. "2019 నుంచి" అంటాం, కానీ "2019గా" అని ఎవరూ అనరు. "మూడు రోజులుగా జ్వరం" అంటాం, "సోమవారంగా జ్వరం" అనం. "చాలా కాలంగా" అంటాం, "చిన్నప్పటిగా" అనం. చూశారా? "నుంచి" తీసేసి "గా" పెడితే వాక్యం నిలబడిందంటే అక్కడ ఫర్ వస్తుంది, నిలబడకపోతే సిన్స్ వస్తుంది. పాయింటూ పీరియడూ అక్కర్లేదు, చెవి చెప్పేస్తుంది, ఆ చెవి వాళ్లకి పుట్టినప్పటి నుంచీ ఉంది. ఇక "యామ్ వర్కింగ్" సంగతి అంటారా, తెలుగులో "ఇప్పుడు చేస్తున్నాను", "అయిదేళ్లుగా చేస్తున్నాను" రెండింటికీ క్రియ ఒకటే, ఇంగ్లీష్‌లో రెండు వేరు. అది మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. కానీ వాక్యంలో ఆ "గా" గానీ "నుంచి" గానీ కనపడగానే "యామ్" ఆగిపోయి "హావ్ బీన్" రావాలి అని ఒక గుర్తు పెట్టుకుంటే అదీ కుదురుతుంది.

ఇంకోటి, నాకు బాగా ఇష్టమైనది. "ఐ డోంట్ నో వాట్ ఈజ్ హిజ్ నేమ్", "టెల్ మీ వేర్ ఆర్ యు గోయింగ్", ఇలాంటివి పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా అంటారు, రాస్తారు. విడి ప్రశ్న అయితే "వాట్ ఈజ్ హిజ్ నేమ్" కరెక్టే, కానీ అది ఇంకో వాక్యం పొట్టలోకి వెళ్లినప్పుడు "వాట్ హిజ్ నేమ్ ఈజ్" అని తిరగాలి. దీన్ని ఇన్‌డైరెక్ట్ స్పీచ్ అని, నౌన్ క్లాజ్ అని, సబ్జెక్ట్ వెర్బ్ ఇన్‌వర్షన్ అని పీరియడ్లకి పీరియడ్లు చెప్తారు, పిల్లలకి తల తిరిగిపోతుంది. కానీ తెలుగులో మనం ఈ తేడాని ఎప్పుడూ పాటిస్తూనే ఉన్నాం కదా! "ఆయన పేరేంటి?" అంటాం. అదే "నాకు తెలీదు" అన్నదానితో కలిపితే "ఆయన పేరేంటో నాకు తెలీదు" అంటాం. "ఎక్కడికి వెళ్తున్నావు?" అని అడుగుతాం, "ఎక్కడికి వెళ్తున్నావో చెప్పు" అంటాం. చివర్లో ఆ "ఓ" వచ్చి కూర్చుంటుంది. "ఆయన పేరేంటి నాకు తెలీదు" అని అయిదేళ్ల పిల్లాడు కూడా అనడు. మరి రూలు ఎంత చిన్నదో చూడండి, తెలుగులో "ఓ" వచ్చిందా, ఇంగ్లీష్‌లో మాటల వరస మామూలు వాక్యంలా ఉంచు, రాలేదా, ప్రశ్నలా తిప్పు. "వస్తాడా?" అన్నది "వస్తాడో లేదో" అయితే ఇంగ్లీష్‌లో "వెదర్" గానీ "ఇఫ్" గానీ తెచ్చుకో. ఇది చెప్పిన రోజు క్లాసులో వెనక బెంచీలో ఒకబ్బాయి, అప్పటిదాకా నోరు విప్పనివాడు, "అయితే మనకి ముందే వచ్చుగా మేడమ్" అన్నాడు. అవును నాన్నా, ముందే వచ్చు.

మూడోది "డిడ్ నాట్ వెంట్". దీన్ని అందరూ తెలుగు ప్రభావం అంటుంటారు, నేను ఒప్పుకోను, తెలుగు మీద నింద పడకూడని చోటు ఇది. "వెళ్లాను" అన్నదాన్ని కాదనాలంటే మనం "వెళ్లలేదు" అంటాం. "వెళ్లానులేదు" అనం. "లేదు" వచ్చేసరికి "వెళ్లాను"లో ఉన్న కాలమూ పోయింది, నేను అన్న గుర్తూ పోయింది, ఖాళీ "వెళ్ల" మాత్రం మిగిలింది. ఇంగ్లీష్‌లో జరిగేదీ ఇంచుమించు అదే, "డిడ్ నాట్" వచ్చేసరికి "వెంట్" తన కాలాన్ని దానికి ఒప్పజెప్పి "గో" అయిపోతుంది. ఒకసారి బోర్డు మీద "వెళ్లానులేదు" అని రాసి చూపించండి, క్లాసంతా నవ్వుతుంది, ఆ నవ్వు అయ్యాక "డిడ్ నాట్ వెంట్" రాయండి, అదెంత వింతగా ఉందో వాళ్లకే కనపడుతుంది. ప్రశ్నకి మాత్రం ఈ ఉపాయం నేరుగా పనికిరాదు, "వెళ్లావా?" అన్నప్పుడు తెలుగులో కాలం క్రియలోనే ఉంటుంది కాబట్టి. అయితే డిడ్ వచ్చి కాలాన్ని పట్టుకుపోతుందన్న సంగతి ఒకసారి కుదురుకున్నాక "డిడ్ యు వెంట్" దానంతటదే తగ్గుతుంది.

"వన్ ఆఫ్ మై ఫ్రెండ్" కూడా అంతే. "నా ఫ్రెండ్స్‌లో ఒకడు" అంటాం, "నా ఫ్రెండ్‌లో ఒకడు" అనం కదా. తెలుగు వాక్యం ఒక్కసారి పైకి అనుకుంటే ఆ ఎస్ దానంతటదే గుర్తొస్తుంది.

ఇవన్నీ చెప్తుంటే ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది, టీచర్ల దగ్గర్నుంచీ వస్తుంది, స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్ వాళ్ల దగ్గర్నుంచీ వస్తుంది. "తెలుగులో ఆలోచించి ఇంగ్లీష్‌లోకి మార్చుకోవడమే అసలు రోగం, ఇంగ్లీష్‌లోనే ఆలోచించాలి" అని. మాట్లాడేటప్పటి వరకూ ఇందులో నిజం ఉంది, మాట్లాడుతూ మధ్యలో ఆగి తెలుగు వాక్యం కట్టుకుని దాన్ని మార్చుకుంటూ కూర్చుంటే ఎదుటివాడు వెళ్లిపోతాడు. కానీ మాట్లాడటం వేరు, దిద్దుకోవడం వేరు. దిద్దుకోవడం అంటే రాసిందాన్ని ముందు పెట్టుకుని తీరిగ్గా చూడటం, అప్పుడు తెలుగుని పిలిస్తే పోయేదేం లేదు. ఇంకో సంగతి కూడా ఉంది, ఇంగ్లీష్‌లో ఆలోచించడం అన్నది ఈరోజు నుంచి మొదలుపెడతాను అనుకుంటే మొదలయ్యేది కాదు. భాష బాగా వంటబట్టాక వచ్చే ఫలితం అది. దాన్నే మందుగా రాసిచ్చి, "ఆలోచించలేకపోతున్నాను మేడమ్" అని పిల్లలు తమని తాము తిట్టుకునేలా చేస్తున్నాం, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

1967లో పిట్ కార్డర్ అనే బ్రిటిష్ భాషావేత్త ఒక వ్యాసంలో తప్పుల సంగతి తేల్చి చెప్పాడు. నోరు జారి చేసే పొరపాటు వేరు, మళ్లీ మళ్లీ ఒకేలా చేసే తప్పు వేరు అన్నాడు. రెండోది నేర్చుకునేవాడి బుర్రలో అప్పటికి ఏ పద్ధతి తయారై ఉందో చూపిస్తుంది, కాబట్టి అది టీచర్‌కి సమాచారం అన్నాడు. ఇన్ని దశాబ్దాలు గడిచినా మన దగ్గర తప్పుకి ఒక మార్కు కోత, అంతే.

అయితే ప్రతి తప్పూ తెలుగు ఖాతాలో వేయకూడదు, అదీ చెప్పాలి. "హి గో", "షి కమ్" అని ఆ చివరి ఎస్ వదిలేయడం చూడండి. తెలుగులో క్రియ మనిషిని బట్టి ఎంతగా మారుతుంది, వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు. ఇంతమందికి ఇన్ని రకాలుగా మార్చగలిగినవాళ్లకి ఇంగ్లీష్‌లో ఉన్న ఒక్క ఎస్ కష్టం కాకూడదు కదా, కానీ అవుతుంది. 1970ల్లో డ్యూలే, బర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో స్పానిష్ మాట్లాడే పిల్లల్నీ చైనీస్ మాట్లాడే పిల్లల్నీ గమనిస్తే, అంత తేడా ఉన్న రెండు భాషల వాళ్లకీ ఇంగ్లీష్‌లోని చిన్న చిన్న ప్రత్యయాలు దాదాపు ఒకే వరసలో పట్టుబడ్డాయి, అందులో ఈ ఎస్ ఆలస్యంగా వచ్చేవాటిలో ఒకటి. ఇంగ్లీషే మాతృభాషగా పెరిగే పసిపిల్లలకి కూడా అది తొందరగా రాదని 1973లో రోజర్ బ్రౌన్ అనే పరిశోధకుడు ముగ్గురు పిల్లల మాటల్ని పట్టి చూపించాడు. కాబట్టి పిల్లలు మాట్లాడేటప్పుడు ఈ ఎస్ కోసం మధ్యలో అడ్డం పడకండి, దయచేసి. రాసింది చివర్లో చూసుకునేటప్పుడు ఒక్కసారి హి, షి, ఇట్ ఎక్కడున్నాయో వెతికి ఎస్ పెట్టుకోమంటే చాలు, మిగతాది కాలం మీద వస్తుంది.

ప్రెపొజిషన్ల దగ్గర మాత్రం తెలుగు నిజంగానే మనల్ని పక్కదారి పట్టిస్తుంది. నా మీద కోపం అంటాం కాబట్టి "యాంగ్రీ ఆన్ మీ", అతనికి చెప్పాను కాబట్టి "టోల్డ్ టు హిమ్", ఊరికి చేరాం కాబట్టి "రీచ్డ్ టు", ఫలానా ఆయనతో పెళ్లయింది కాబట్టి "మ్యారీడ్ విత్", దాని గురించి చర్చించాం కాబట్టి "డిస్కస్డ్ అబౌట్". వీటికి ఉపాయం ఏమీ లేదు. క్రియతో పాటు దాని వెనక ఏం వస్తుందో, ఏమీ రాకూడదో కలిపి నేర్చుకోవాలి, అంతే. "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే" కూడా ఇలాంటిదే, "నిన్న చూశాను", "ఇంతకుముందు చూశాను" రెండూ మనకి ఒకటే "చూశాను", అందుకని హావ్ ఎక్కడ పెట్టాలో తెలుగు చెవికి అందదు. "ఎప్పుడు?" అని అడిగితే జవాబు ఆ వాక్యంలోనే ఉందా, నిన్న, పోయిన నెల, 2015లో అని, అయితే హావ్ తీసేయ్ అని చెప్తాను, చాలావరకు గట్టెక్కుతారు.

మరి అన్ని తప్పులూ ఒక్కసారే దిద్దాలా? వద్దు. పేజీ నిండా ఎర్ర సిరా చూసిన పిల్ల ఆ పేజీ మడిచి బ్యాగులో పెట్టేస్తుంది, మళ్లీ తీయదు. 1996లో జాన్ ట్రస్కాట్ అనే ఆయన ఇంకా ముందుకెళ్లి, రాతలో గ్రామర్ దిద్దడం వల్ల లాభం లేకపోగా నష్టమే, మానేయండి అన్నాడు, దానికి డానా ఫెరిస్ 1999లో జవాబు రాసింది, ఆ వాదన తర్వాత కూడా చాలాకాలం నడిచింది. నేను ట్రస్కాట్‌తో ఏకీభవించను. దిద్దకుండా వదిలేస్తే నష్టపోయేది ఇంట్లో ఇంగ్లీష్ వినపడని పిల్లలే. వాళ్లకి సరైన రూపం ఇంకెక్కడా దొరకదు, పట్నంలో కాన్వెంటులో చదివిన పిల్లకి ఇంట్లోనో ఫ్రెండ్స్ దగ్గరో దొరుకుతుంది. కానీ ఆయన పట్టుకున్న జబ్బు నిజం, అన్నీ ఒక్కసారే దిద్దితే ఏదీ ఎక్కదు. ఈ వారం సిన్స్, ఫర్ మాత్రమే, మిగతా తప్పులు కనపడినా చేతులు కట్టుకుని ఊరుకోవాలి, ఇది టీచర్‌కి చాలా కష్టమైన పని.

ఏది ముందు దిద్దాలి అంటే, అర్థం తిరగబడేది ముందు. "డిడ్‌న్ట్ యు గెట్ ద మెయిల్?" అని అమెరికా నుంచి మేనేజర్ అడిగితే మనవాళ్లు "యెస్" అంటారు, అవునండీ రాలేదు అన్న అర్థంలో. తెలుగులో "రాలేదా?" అంటే "అవును, రాలేదు" అంటాం, ఎదుటివాడి మాట నిజమే అని ఒప్పుకోవడం అది. ఆయనేమో వచ్చిందనుకుని ఫోన్ పెట్టేస్తాడు. ఇంగ్లీష్‌లో యెస్, నో ఎదుటివాడి మాటని బట్టి ఉండవు, జరిగిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటాయి. వచ్చి ఉంటే యెస్, రాకపోతే నో, అడిగేవాడు ఎలా అడిగినా సరే. "హి గోస్" చివర ఉండే ఆ ఎస్ పోతే ఎవరికీ ఏమీ కాదు, ఇది తిరగబడితే పని చెడిపోతుంది. కానీ గ్రామర్ పుస్తకాల్లో దీనికి దొరికే చోటు చాలా తక్కువ.

అసలు దిద్దక్కర్లేనివి కూడా ఉన్నాయి. "ప్రీపోన్" తప్పు అని ఇంకా చెప్పేవాళ్లున్నారు, అది ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోకి ఎక్కి చాలాకాలమైంది. "ఔట్ ఆఫ్ స్టేషన్" అన్నది ఈ దేశంలో అందరికీ అర్థమయ్యే మాట. వీటి మీద టైమ్ పెట్టకండి.

పోటీ పరీక్షల సంగతి ఒకటి చెప్పి తీరాలి. బ్యాంకు పరీక్షలకీ ఎస్ఎస్సీకీ ప్రిపేర్ అయ్యే పిల్లలు వాక్యాన్ని ఏ, బీ, సీ, డీ అని ముక్కలు చేసి ఇస్తే తప్పు ఏ ముక్కలో ఉందో చటుక్కున పట్టేస్తారు, అందులో గొప్ప నైపుణ్యం ఉంది, కాదనను. అదే పిల్లలతో వాళ్ల ఊరి గురించి ఒక పేజీ రాయించండి, ఏ తప్పులైతే అక్కడ పట్టారో అవే ఇక్కడ చేస్తారు. ఎందుకంటే అక్కడ పట్టింది ఎవరో తయారుచేసిన తప్పుని, తమ బుర్రలో పుట్టినదాన్ని కాదు. తన తప్పు తను పట్టుకోవడం వేరే విద్య, దానికి తన వాక్యమే కావాలి, ఆ వాక్యం కింద దాగున్న తెలుగు కావాలి.

ఇంత చెప్పేది ఎందుకంటే ఇప్పుడు ఇది కొద్దిమంది గొడవ కాదు. ఆంధ్రలో 2019లో ప్రభుత్వ స్కూళ్లని ఇంగ్లీష్ మీడియం చేస్తూ జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది, తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీష్ మీడియం మొదలైంది. మీడియం మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుంటుంది, నేను ఇక్కడ ఆ గొడవలోకి వెళ్లను. కానీ రెండు రాష్ట్రాల్లోనూ ఒక మంచి పని జరిగింది, ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీష్‌లో ఉండే పుస్తకాలు ఇచ్చారు. లెక్కలకీ సైన్సుకీ పిల్లలు ఆ ఎడం పేజీ కుడి పేజీ చూసుకుంటూ అర్థం చేసుకుంటారు. ఇంగ్లీష్ గ్రామర్‌కి ఎందుకు అలా చేయకూడదు? రెండు పేజీలు పక్కపక్కన పెట్టి ఇక్కడ "గా" ఉంది అక్కడ ఫర్ ఉంది చూడు, ఇక్కడ "ఓ" ఉంది అక్కడ వరస మామూలు వాక్యంలా ఉంది చూడు అని చెప్పడానికి ఇంతకన్నా మంచి పుస్తకం ఏముంటుంది, అదీ ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది. కొన్ని ప్రైవేటు స్కూళ్లలో తెలుగు మాట్లాడితే ఫైన్ వేస్తారు. పిల్లవాడి దగ్గరున్న ఒకే ఒక్క ఆధారాన్ని లాగేసుకుని ఇప్పుడు నడువు అనడం అది, నాకు వేరే మాట రావడం లేదు.

ఆర్టికల్స్ గురించి చెప్పకుండా ఆపితే ఎవరూ ఒప్పుకోరు. అవి మనకి లేవు కాబట్టి ఎప్పటికీ రావు అనే మాట వింటుంటాను. లేవన్నది నిజమే, కానీ ఆ పని చేసే మాటలు మన దగ్గర లేకపోలేదు. కథ ఎలా మొదలవుతుంది? "అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు." మొదటిసారి ఒక, రెండోసారి ఆ. వినేవాడికి కొత్తదైతే ఒక, ఇప్పటికే తెలిసిందైతే ఆ. ఇంగ్లీష్‌లో ఏ కింగ్, ద కింగ్ చేసేది ఇదే పని. న్యూజిలాండ్‌లో జాన్ బిచ్‌నర్ 2008లో ప్రచురించిన పరిశోధనలో ఆర్టికల్స్ మొత్తం కాకుండా సరిగ్గా ఈ రెండు వాడుకలే, మొదటిసారి ఏ, తర్వాత ద, వీటినే దిద్దితే ఆ విద్యార్థుల రాతలో తేడా కనపడింది, కొన్నాళ్ల తర్వాత కూడా నిలిచింది. మన పిల్లలకి ఆ రెండూ చెప్పడానికి పేదరాసి పెద్దమ్మ కథ ఒక్కటి చాలు. తేడా ఒక్కటే, మామూలు మాటల్లో మనం ఒక, ఆ చాలాసార్లు వదిలేస్తాం, "బస్సొచ్చింది" అంటాం, ఇంగ్లీష్ వాటిని వదలనివ్వదు. కాబట్టి నా క్లాసులో ముందు తెలుగులో కథ రాయిస్తాను, రాజు, బస్సు లాంటి ప్రతి మాట ముందూ ఒక గానీ ఆ గానీ ఏది సరిపోతుందో పెట్టమంటాను, చదవడానికి కొంచెం కృతకంగా ఉంటుంది, ఫర్వాలేదు. తర్వాత అదే కథ ఇంగ్లీష్‌లో. నదుల పేర్ల ముందు ద, చాలా దేశాల పేర్ల ముందు ఉండదు, "ద రిచ్" అంటే ధనవంతులందరూ, ఇవన్నీ తర్వాతి సంవత్సరం చూసుకోవచ్చు.

మీ అంతట మీరు నేర్చుకుంటున్నట్లయితే ఇలా చేసి చూడండి. రోజూ ఇంగ్లీష్‌లో ఒక పేరా రాయండి, దేని గురించైనా సరే, ఆగకుండా. మర్నాడు తీసి ప్రతి వాక్యం కింద మీరు తెలుగులో అయితే ఆ మాట ఎలా అనేవాళ్లో రాయండి, పుస్తకంలో భాష కాదు, ఇంట్లో అనే భాష. తప్పు ఉన్న చోట రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఏది ఎక్కడి నుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది. ఫోన్లో ఉండే కరెక్షన్ యాప్‌ని ఆ తర్వాత అడగండి, ముందు కాదు. ముందే అడిగితే వాక్యం బాగుపడుతుంది గానీ మీకేం రాదు. ఒక నోటుపుస్తకంలో ఒక్కో రకం తప్పుకి ఒక్కో పేజీ పెట్టుకోండి, అన్నిటికన్నా త్వరగా నిండే పేజీ ఏదో చూసి దానితో మొదలుపెట్టండి.